టిఫిన్ హోటల్ వంటగదిలో శుభ్రంగా పని చేయడం ఎలా? సబ్బు కంటే ముందు అడగాల్సిన ఒక్క మాట

టిఫిన్ హోటల్ వంటగదుల్లో 18 ఏళ్లుగా పని చేస్తున్నాను. గిన్నెలు తోమడంతో మొదలుపెట్టి గ్రైండర్, పెనం అన్నీ చూశాక ఇప్పుడు విజయవాడలో పొద్దున షిఫ్ట్‌కి మాస్టర్‌ని. కొత్త కుర్రాళ్లకి పని నేర్పడం పెద్ద కష్టం కాదు. వారంలో దోశ తిప్పేస్తారు, నెలలో ఉప్మా ఎసరు కొలత చేతికొస్తుంది. శుభ్రత దగ్గర మాత్రం ప్రతిసారీ కథ మొదటికొస్తుంది. "కడుక్కున్నానన్నా" అంటారు. చూస్తే, చేతులు కుళాయి కింద ఒకసారి ఆడించి ప్యాంటుకి తుడుచుకుని ఉంటారు. చెప్పిందే చెప్పీ చెప్పీ విసుగొచ్చి, మావాళ్లకి చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను. కర్రీ పాయింట్‌కైనా, హాస్టల్ మెస్‌కైనా, పెళ్లి వంటకైనా ఇదే వరస.

కావలసినవి

సబ్బు, ధారగా వచ్చే నీళ్లు, నెయిల్ కట్టర్, రెండు జతల కాటన్ బట్టలు, ఏప్రన్, తలకి టోపీ, నీళ్లు తగిలినా ఊడని ప్లాస్టర్, చేతులు తుడుచుకోవడానికే ఉంచిన చిన్న తువ్వాళ్లు ఒక డజను. అంతే.

1. ఇంటి దగ్గర

స్నానం ఇంట్లోనే చేసి రండి. ఆదివారం, బుధవారం గోళ్లు తీసుకోండి. సెంటు, అత్తరు వద్దు. పిండి ఎంత పులిసిందో, నూనె మాడుతోందో లేదో చెప్పాల్సింది మీ ముక్కు. దానికి ఇంకో వాసన అడ్డం పెడితే పని చెడుతుంది.

ఖాళీ కడుపుతో పెనం ముందు నిలబడకండి. మే నెలలో ఇక్కడ బయటే 40 డిగ్రీలు దాటుతుంది, పొయ్యి దగ్గర సంగతి చెప్పక్కర్లేదు. రెండు ఇడ్లీలో, ఇంత పెరుగన్నమో తిని మొదలుపెట్టండి. ఉప్పేసిన మజ్జిగ దగ్గర పెట్టుకోండి. టీలతో పూట గడిపేవాళ్లని చాలామందిని చూశాను, పది గంటలకల్లా తల తిరుగుతోందని గోడకి చేరగిలబడతారు. మూత్రం ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలట్లేదని అర్థం. తెల్లవారుజామున 4 గంటలకి డ్యూటీ ఉన్నవాడు రాత్రి తొమ్మిదికల్లా ఫోన్ పక్కన పెట్టి పడుకోవాలి. నిద్ర చాలనివాడే అన్నిటికంటే ముందు చెయ్యి కడగడం మర్చిపోతాడు.

2. బట్టలు, ఉంగరాలు, తాళ్లు

వచ్చిన బట్టలు మార్చుకోండి. టోపీలోకి జుట్టంతా వెళ్లాలి. వాచీ, ఉంగరాలు తీసేయండి. రాయి ఉంగరం తీయకూడదని పంతులుగారు చెప్పారంటే, దారానికి గుచ్చి మెడలో వేసుకుని చొక్కా లోపలికి తోసేయండి. గుళ్లో కట్టించుకున్న ఎర్ర తాడు మణికట్టు మీద ఉంటే మోచేతి పైకి జరిపి కట్టుకోమంటాను. భక్తికి లోటేమీ రాదు. మణికట్టు తాడు మాత్రం ఎప్పుడూ తడిగా ఉంటుంది, పిండి పట్టి పులుస్తుంది, ఆ చెయ్యి ఎన్నిసార్లు కడిగినా ఒకటే.

3. చేతులు కడగడం

కొత్తవాళ్లకి నేను ముందు ఒక పరీక్ష పెడతాను. గిన్నె అడుగు మసిలో రెండు చుక్కల నూనె కలిపి రెండు చేతులకీ పూసి, ఎప్పుడూ కడుక్కున్నట్టే కడుక్కోమంటాను. అరచేతులు తెల్లగా వస్తాయి. బొటనవేళ్ల చుట్టూ, వేళ్ల సందుల్లో, గోళ్ల అంచుల్లో నల్లగా ఉండిపోతుంది. వంటలో పనిచేసేది ఆ వేలికొసలే. ఉప్పు వేసేది, చట్నీ రుచి చూసేది, కొత్తిమీర తుంచేది వాటితోనే. ఒక్కసారి ఆ నలుపు కళ్లారా చూసినవాడికి మళ్లీ చెప్పే అవసరం పెద్దగా రాదు.

చేతులు తడిపి సబ్బు పట్టించండి. అరచేతులు, వాటి వెనక, వేళ్ల సందులు, ఎడమ బొటనవేలు, కుడి బొటనవేలు, తర్వాత వేలికొసలు ముడిచి అవతలి అరచేతిలో గిర్రున తిప్పండి, చివర మణికట్లు. రుద్దడమే 20 లెక్కపెట్టేంత సేపు ఉండాలి. ధార కింద కడిగి పొడి తువ్వాలుతో తుడుచుకోండి. మసిగుడ్డకి తుడిస్తే కడిగినదంతా వృథా. వేడి గిన్నె దించేదీ, బల్ల తుడిచేదీ అదే గుడ్డ.

ఎప్పుడు కడగాలంటే: డ్యూటీ ఎక్కగానే, బాత్‌రూమ్‌కి వెళ్లొస్తే అక్కడోసారి, వంటగదిలోకి వచ్చాక ఇంకోసారి. ఫోన్ ముట్టుకున్నా, డబ్బులు ముట్టుకున్నా, ముక్కో జుట్టో తడుముకున్నా, చీపురో చెత్తడబ్బానో పట్టుకున్నా, కోడిగుడ్డు కొట్టినా, ఉల్లిపాయలు బంగాళాదుంపలు ఒలిచినా కడగాల్సిందే.

2020లో కరోనా వచ్చినప్పటి నుంచి వంటగదిలోకి శానిటైజర్ సీసా వచ్చి కూర్చుంది. నేను ఒప్పుకోను. నూనె, పిండి అంటిన చేతి మీద అది సరిగా పని చేయదు. వాంతులు, విరేచనాలు తెచ్చే కొన్ని వైరస్‌లకి సబ్బు, నీళ్లే గతి. గ్లవ్స్ సంగతీ అంతే. అదే గ్లవ్స్‌తో గారె తీసి, అదే చేత్తో ఐదొందల నోటు తీసుకునేవాళ్లని ఏ వీధిలోనైనా చూడొచ్చు. ఉత్త చేతికి జిడ్డు తగిలితే మనకి తెలుస్తుంది, కడగాలనిపిస్తుంది. గ్లవ్స్ ఉంటే ఆ స్పృహ ఉండదు. కడిగిన ఉత్త చెయ్యే మేలు.

4. ఒంట్లో ఎలా ఉందో అడగడం

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. కొన్ని చేతులు ఎంత కడిగినా ఆ రోజుకి వంటకి పనికిరావు. అది సబ్బు చెప్పదు, ఆ మనిషే చెప్పాలి. అతను చెప్పేలా మనం ఉండాలి.

నేను పనికి కుదిరిన మొదటి హోటల్లో జరిగింది చెబుతాను. చట్నీ కలిపే కుర్రాడికి కుడిచేతి చూపుడువేలికి గోరుచుట్టు వచ్చింది. రాత్రే మాస్టర్‌తో చెప్పాడు, "అన్నా, వేలు సలుపుతోంది, రేపు రాలేనేమో" అని. "రాకపోతే జీతం కట్, నీ ఇష్టం" అన్నారు. పొద్దున వేలికి పాత గుడ్డపీలిక చుట్టుకుని వచ్చాడు. కొబ్బరి చట్నీలో నీళ్లు పోసి చేత్తో కలపడం, ఆ పీలిక తడిసి తెల్లగా నానిపోవడం నేను పక్కనే గిన్నెలు తోముతూ చూశాను. నోరెత్తలేదు. చేరి అప్పటికి నెల కూడా కాలేదు. మధ్యాహ్నానికి వాంతులయ్యాయని జనం గొడవకి వచ్చారు. కొబ్బరి పాడైందని సర్దిచెప్పి పంపేశారు.

తర్వాత తెలుసుకున్నాను. గోరుచుట్టు చీములో ఎక్కువగా ఉండేది స్టాఫైలోకోకస్ అనే బ్యాక్టీరియా. అది తిండిలో పడి, ఆ తిండి వేడి వాతావరణంలో గంటలకొద్దీ అలాగే ఉంటే విషం తయారుచేస్తుంది. మళ్లీ మరిగించినా ఆ విషం పోదు. తిన్న కొద్ది గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. ఇడ్లీకి ఆవిరి తగులుతుంది, దోశకి పెనం తగులుతుంది, గారె నూనెలో వేగుతుంది. పల్లీ చట్నీ, కొబ్బరి చట్నీ రుబ్బాక ఇక పొయ్యి ఎక్కవు. "పోపు పెట్టాం కదా" అంటారు. ఆ వేడి పైపొర దాటదు. అందుకే మా వంటగదిలో చట్నీ కలిపేవాడి చేతులు అందరికంటే ముందు చూస్తాను.

వంద ఏళ్ల కిందట అమెరికాలోనూ ఇదే జరిగింది. న్యూయార్క్‌లో మేరీ మాలన్ అనే వంటమనిషి ఉండేది. ఆమె ఒంట్లో టైఫాయిడ్ క్రిములు ఉండేవి, ఆమెకి మాత్రం జబ్బు లక్షణాలు కనిపించేవి కావు. ఆమె వండిన ఇళ్లలో ఒకదాని తర్వాత ఒకదానిలో జనం టైఫాయిడ్‌తో పడిపోతుంటే, 1907లో కారణం కనిపెట్టారు. ఆమె పచ్చి పీచ్ పళ్ల ముక్కలు వేసి చేసే ఐస్‌క్రీమ్ మీద అనుమానపడ్డారు. అదీ పొయ్యి ఎక్కని పదార్థమే. ఆమెని ఓ దీవిలో విడిగా ఉంచి, ఇక వంట చేయనని మాట తీసుకుని 1910లో వదిలేశారు. బయటికొచ్చి బట్టలుతికే పనిలో చేరింది. అందులో వంట పని అంత డబ్బు రాలేదు. ఆమె పేరు మార్చుకుని మళ్లీ వంటకే వెళ్లింది. 1915లో ఓ ప్రసూతి ఆసుపత్రిలో టైఫాయిడ్ రావడంతో దొరికిపోయింది. ఆ తర్వాత 1938లో చనిపోయేదాకా ఆ దీవిలోనే ఉంది. చాలామంది ఆమెని రాక్షసిలా చెబుతారు. నాకు మాత్రం జీతం కట్ అన్నందుకు పీలిక చుట్టుకొచ్చిన కుర్రాడే గుర్తొస్తాడు.

ఇక ఎలా అడగాలో చెబుతాను. అందరినీ నిలబెట్టి "ఎవరికైనా బాగోలేదా?" అనకండి. పదిమందిలో "నాకు విరేచనాలు" అని ఎవరు చెబుతారు? టీ ఇస్తూ ఒక్కొక్కరిని విడిగా అడగండి. "ఒంట్లో ఎలా ఉందిరా?" అంటే "బానే ఉందన్నా" అనేస్తారు. అక్కడ ఆగొద్దు. "కడుపు సరిగా ఉందా? రాత్రి ఎన్నిసార్లు లేచావు? గొంతు నొప్పి ఉందా? చేతులు చూపించు" అని వరసగా అడగండి. చేతులు రెండు వైపులా చూడండి. మీ చేతులు కూడా వాళ్లకి చూపించండి, అప్పుడు అది తనిఖీలా అనిపించదు.

చెప్పినప్పుడు మీ మొహం మారకూడదు. నిట్టూర్చినా, "ఇవాళే రావాలా ఇది" అన్నా, రేపటి నుంచి ఎవరూ నిజం చెప్పరు. "మంచి పని చేశావు చెప్పి" అనండి, అప్పుడే మిగతా ఏర్పాటు చూడండి.

విరేచనాలు, వాంతులు ఉంటే ఇంటికి పంపండి. తగ్గాక కూడా 48 గంటలు ఆగి రమ్మనండి. ఆ పూటకి తగ్గిందని సాయంత్రం షిఫ్ట్‌కి రప్పించుకోవద్దు. కామెర్లు, టైఫాయిడ్ అయితే డాక్టర్ సరేనన్నాకే వంటగదిలోకి. చీము పట్టిన వేలైతే వంట సామాను కూడా ముట్టనివ్వకుండా టోకెన్ల దగ్గర కూర్చోబెట్టండి, సరుకుల లెక్క రాయమనండి. చీము లేని చిన్న కోతైతే ప్లాస్టర్ వేసి, దాని మీద గ్లవ్ తొడగండి. గ్లవ్స్‌కి నేను ఒప్పుకునేది ఇక్కడొక్కచోటే. ప్లాస్టర్ నీలం రంగుది దొరికితే అదే తెచ్చుకోండి. తిండిలో నీలం రంగు ఉండదు కాబట్టి ఊడిపడితే వెంటనే కనిపిస్తుంది.

ఆ రోజు జీతం మాత్రం కోయకండి. ఇది యజమానులకి చెబుతున్నాను. ఒక కుర్రాడి రోజు కూలి ఎంత, ఒక పూట చట్నీ తిన్నవాళ్లు ఎంతమంది, పక్కపక్కన పెట్టి చూసుకోండి. నేను ఇప్పుడున్నచోట చేరేముందు యజమానిని అడిగిన షరతు ఇదొక్కటే.

వంటలో పనిచేసేవాళ్లకి ఏడాదికోసారి వైద్య పరీక్ష, టైఫాయిడ్ లాంటి జబ్బులకి టీకా ఉండాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2011 నిబంధనల్లోనే ఉంది. చేయించండి. అయితే ఆ సర్టిఫికెట్ పరీక్ష చేసిన రోజు సంగతే చెబుతుంది. ఇవాళ పొద్దుటి సంగతి ఆ మనిషినే అడగాలి.

5. రద్దీలో మాట

ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా ఊపిరాడదు. ఆ సమయంలో మా దగ్గర ఐటమ్ పేర్లు తప్ప వేరే మాట ఉండదు. ఎవరు తప్పు చేసినా పదకొండు తర్వాత, టిఫిన్ తిన్నాక మాట్లాడుకుంటాం. ఇంకో కట్టుబాటు, కుళాయి దగ్గరున్నవాణ్ణి ఎవరూ కేకేయకూడదు. "ఏరా, ఇంకా ఎంతసేపు?" అన్నారంటే, రెండోసారి వాడు కడగకుండానే వచ్చేస్తాడు. దోశ అర నిమిషం ఆగినా ఫర్వాలేదు. పనిలో మంచి వాతావరణం అంటే నాకు తెలిసింది ఇదే.

6. దిగేముందు

ఏప్రన్, తువ్వాళ్లు వేడినీళ్లలో నానబెట్టి ఉతికి ఎండలో ఆరేయండి. కుళాయి పిడిని కూడా సబ్బుతో రుద్దండి, మురికి చేత్తో తిప్పేది దాన్నే. రాత్రి తాళం వేసేముందు సబ్బు ఎంత మిగిలిందో చూడండి. అరిగి పలచబడితే అప్పుడే కొత్తది విప్పి పెట్టండి. పొద్దున నాలుగు గంటలకి సబ్బు కొనడానికి ఏ కొట్టూ తెరిచి ఉండదు.