సీడీలు చదివి డీవీడీలు చదవని డ్రైవ్‌కి చిట్కా

పాత కంప్యూటర్లో డ్రైవ్ సీడీలు చదువుతూ డీవీడీలు మాత్రం చదవకపోతే కేబుల్ మార్చి ప్రయోజనం ఉండదు. సీడీకి 780, డీవీడీకి 650 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న లేజర్లు వేర్వేరు. రెండోది నీరసించి ఉండాలి, లేదా లెన్స్ మీద దుమ్ము పట్టి ఉండాలి. దుమ్మయితే పది నిమిషాల పని.

ముందు కరెంటు ప్లగ్ తీసేయండి. ముందువైపు ఉన్న సన్నటి రంధ్రంలో సాపు చేసిన పేపర్ క్లిప్ గుచ్చితే ట్రే కాస్త బయటికొస్తుంది, మిగతాది చేత్తో లాగండి. తర్వాత డ్రైవ్ ఊడదీసి, అడుగున మూలల్లో ఉండే స్క్రూలు విప్పి మూత తీయండి. ఇయర్‌బడ్‌ని 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, లెన్స్‌ని నొక్కకుండా గుండ్రంగా తుడవండి. అది వెంట్రుకల్లాంటి తీగల మీద వేలాడుతుంటుంది, గట్టిగా నొక్కితే అంతే సంగతులు. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి మాత్రం వెళ్లొద్దు, అందులోని అసిటోన్ ప్లాస్టిక్ లెన్స్‌ని మసకబారుస్తుంది. బాగా ఆరాక మూత బిగించాకే కరెంటు ఇవ్వండి. మూత లేకుండా నడిపితే లేజర్ కంటికి ప్రమాదం.

మోటారు చప్పుడు వస్తూ ట్రే కదలకపోతే రబ్బరు బెల్టు సాగినట్టే. బెల్టునీ కప్పీలనూ అదే ఆల్కహాల్‌తో తుడిస్తే జిడ్డు పోయి పట్టు దొరుకుతుంది. అప్పటికీ జారుతుంటే అదే కొలతది కొత్త బెల్టు వేయాలి.

బయాస్‌లోనే (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల తెర) డ్రైవ్ కనబడకపోతే అప్పుడు చూడాల్సింది కేబుల్, వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో పనిచేసే పాత ఐడీఈ డ్రైవ్ అయితే వెనకున్న మాస్టర్-స్లేవ్ జంపర్ (ఒకే కేబుల్ మీది రెండు డ్రైవ్‌లలో ఏది మొదటిదో, ఏది రెండోదో చెప్పే చిన్న పిన్నుల తొడుగు) కూడా.