రుషికొండ వైపు డైవ్‌కి వెళ్తున్నారా? బోటు వాళ్ళకి కనబడే ఏర్పాటు చూసుకోండి

నేను నీళ్ళలోకి దిగేది తక్కువ. విశాఖ దగ్గర రుషికొండ, మంగమారిపేట వైపు వెళ్ళే స్కూబా డైవ్ బోట్లలో పైన ఉండే మనిషిని. ఎంతమంది దిగారు, ఎంతమంది తేలారు, బుడగలు ఎటు జరుగుతున్నాయి, ఇటే వస్తున్న వలల బోటు మమ్మల్ని చూసిందా లేదా, ఇదీ నా పని. అందుకని సిగ్నలింగ్ సామాను, అంటే తేలిన డైవర్ బోటుకి తన ఉనికి తెలిపే వస్తువుల గురించి నాకున్న అభిప్రాయాలన్నీ వెతికేవాడి వైపు నుంచి వచ్చినవే. కొనేవాళ్ళు "ఇది ఎన్ని కిలోమీటర్లు పనిచేస్తుంది?" అని అడుగుతారు. ఆ అంకె పెట్టె మీద రాసే ఉంటుంది. అడగాల్సినవి వేరే ఉన్నాయి. వెతికేవాడి కళ్ళల్లో ఎండ పడుతోందా? వాడి చెవుల్లో ఇంజిన్ మోత ఉందా? మీకు ఒక్క చెయ్యే ఖాళీగా ఉంటే ఆ వస్తువు బయటికి వస్తుందా?

ముందు చిన్న లెక్క. నీరు ఒక నాట్ వేగంతో లాగితే నిమిషానికి 30 మీటర్లు జరిగిపోతారు. అరగంటలో 900 మీటర్లు దాటేస్తారు. తేలిన డైవర్ తల నీటి పైన 30 సెంటీమీటర్లు కూడా ఉండదు. అర మీటరు కెరటాలు ఉన్నాయంటే ఆ తల నాకు మధ్యమధ్యలో క్షణం సేపే కనబడుతుంది. నల్ల హుడ్ వేసుకుంటే అదీ అనుమానమే. మీకు మాత్రం బోటు చక్కగా కనబడుతూ ఉంటుంది. దాంతో "వాళ్ళు మనల్ని చూసే ఉంటారు" అనుకుని చేతులు ముడుచుకుని కూర్చుంటారు.

మన తీరంలో ఒరవడి ఎప్పుడూ ఒకే వైపు ఉండదు. ఫిబ్రవరి నుంచి ఎండాకాలం దాకా పెద్ద ప్రవాహం ఈశాన్యానికి, అంటే భీమిలి వైపుకి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరగబడి నైరుతికి, డాల్ఫిన్స్ నోస్ వైపుకి. ఒడ్డు దగ్గర గాలిని బట్టి రోజుకో రకంగా ఉంటుంది కాబట్టి ఆ ఉదయం బోటు సరంగుని అడిగితేనే సరైన మాట తెలుస్తుంది. ఇంకో సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ మరబోట్లు హార్బర్‌లోనే కట్టేసి ఉంటాయి. వలలు తక్కువ, అది మంచిదే. కానీ మిమ్మల్ని చూసే కళ్ళు కూడా తక్కువే.

ఒక్కటే కొనగలిగితే ఎస్‌ఎంబీ కొనండి. పొడుగాటి రంగు గొట్టం, గాలి నింపితే నిలబడుతుంది. పొట్టివి చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, జేబులో ఇట్టే పడతాయి, కెరటాల మధ్య ఎందుకూ పనికిరావు. 1.2 మీటర్లు కనీసం, 1.8 మీటర్లది అయితే నాకు ఇంకా ఇష్టం. ఈ ఎత్తు మీద నాకున్న పట్టుదలకి కారణం మన సముద్రమే. ఇక్కడ నీళ్ళ మీద తేలేవి బోలెడు ఉంటాయి: వల గుర్తుకి కట్టిన థర్మోకోల్ ముక్కలు, ప్లాస్టిక్ డబ్బాలు, జెండా కట్టిన వెదురు కర్రలు. పొట్టి నారింజ బుడగ ఒకటి పడుకుని తేలుతుంటే అది డైవరా, వల డబ్బానా అని తేల్చుకోవడానికే టైమ్ పడుతుంది. నిటారుగా నిలబడి ఊగుతున్న గొట్టాన్ని చూసి ఎవరూ అలా పొరబడరు.

రెండో కారణం ఎండ. మనకి సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. పొద్దున్న డైవ్‌లో మీరు బోటుకి తూర్పున తేలారంటే, నేను మిమ్మల్ని వెతికేది తళతళలాడే వెలుగులోకి చూస్తూ. ఆ వెలుగులో నారింజా ఒకటే, పసుపూ ఒకటే, అంతా నల్లగానే కనబడుతుంది. అప్పుడు పనిచేసేది రంగు కాదు, ఎత్తు. పడమటి వైపు తేలితే మాత్రం రంగు బ్రహ్మాండంగా కనబడుతుంది. అందుకే రంగు గురించి పెద్దగా వాదించను. నారింజ గానీ, ముదురు పసుపు గానీ సరే. కొన్నిచోట్ల పసుపు అంటే "ప్రమాదంలో ఉన్నాం" అని ఒప్పందం ఉంటుంది, కొన్నిచోట్ల ఉండదు. మీరెక్కిన బోటులో ఏమిటో దిగే ముందే అడగండి.

కొనేటప్పుడు కింద మూతి చూడండి. లోపలికి వెళ్ళిన గాలి తిరిగి రాకుండా ఆపే రకం కావాలి. మూతి పూర్తిగా తెరిచి ఉండే రకం పైకి చేరి పక్కకి పడిందంటే గాలంతా పోతుంది. ఎక్కువైన గాలిని వదిలే వాల్వ్ ఉండాలి, నోటితో ఊదే గొట్టం కూడా ఉండాలి. పై చివర వెండి రంగు రిఫ్లెక్టివ్ టేప్ ఉంటే రాత్రి మా లైటుకి మెరుస్తుంది. తాడు చుట్టిన స్పూల్ ఇక్కడి తేలిక డైవ్‌లకి 15 మీటర్లది చాలు. అండమాన్ వెళ్ళే ఆలోచన ఉంటే 30 మీటర్లది తీసుకోండి. మీ పేరు పెద్ద అక్షరాలతో మార్కర్‌తో రాయండి. రెండు గొట్టాలు లేచినప్పుడు ఎవరిది ఏదో మాకు తెలుస్తుంది.

గొట్టాన్ని నీటి లోపలి నుంచి పైకి వదిలే పద్ధతి స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకోండి, సముద్రంలో కాదు. పైకి వచ్చే ముందు ఐదు మీటర్ల దగ్గర ఆగినప్పుడు తల పైకెత్తి బోటు ఏమైనా ఉందేమో చూసి, స్పూల్‌ని చేతికి దూరంగా పట్టుకుని, మూతిలోకి గాలి ఊది వదలాలి. గొట్టాన్ని పూర్తిగా నింపక్కర్లేదు. ఐదు మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి ఒకటిన్నర రెట్లు. అంటే అక్కడ మూడింట రెండొంతులు నిండిన గొట్టం పైకి వచ్చేసరికి పూర్తిగా బిగుస్తుంది. పది మీటర్ల దగ్గరైతే సగం నింపితే చాలు. స్పూల్‌ని మాత్రం జాకెట్‌కి (గాలి నింపితే తేల్చే డైవింగ్ జాకెట్) క్లిప్ చేసి వదలకండి. తాడు చిక్కుపడిందంటే గొట్టం మిమ్మల్ని కూడా పైకి లాక్కుపోతుంది. పైకి వచ్చాక గొట్టాన్ని అలా వదిలేస్తే పక్కకి వాలుతుంది. తాడుని మొదట్లో పట్టుకుని కిందికి లాగితే నిటారుగా నిలబడుతుంది.

ఈల గురించి తక్కువ చెప్తాను. లోపల గోళీ లేని ప్లాస్టిక్ ఈల కొనండి, స్పోర్ట్స్ షాపులో దొరుకుతుంది, వందల్లోనే అయిపోతుంది. జాకెట్‌తో పాటు వచ్చిన ఈల మీద నాకు నమ్మకం తక్కువ. తడిపి ఊది చూడండి, మీకే తెలుస్తుంది. ఈల బోటు దాకా వినపడాలంటే గాలి మీ వైపు నుంచి మా వైపుకి వీచాలి, మా ఇంజిన్ ఆగి ఉండాలి. మేం మనిషి కోసం వెతికేటప్పుడు కాసేపటికోసారి ఇంజిన్ ఆపి చెవులు రిక్కించి వింటాం. ఇంజిన్ మోత తగ్గిందని అనిపించిన క్షణమే మీరు ఊదాల్సిన సమయం. మూడు గట్టి ఈలలు, కాస్త ఆగి మళ్ళీ మూడు. ఆపకుండా ఊదితే పది నిమిషాల్లో అలిసిపోతారు.

సిలిండర్ గాలితో మోగే హారన్ కూడా ఉంది. జాకెట్‌లోకి గాలి నింపే ఇన్‌ఫ్లేటర్‌కీ సిలిండర్ గాలి గొట్టానికీ మధ్య బిగిస్తారు. ఈల కంటే చాలా దూరం పోతుంది, ఇంజిన్ మోతలో కూడా వినపడే అవకాశం ఎక్కువ. దీనికి ఒక్కటే షరతు: సిలిండర్లో గాలి మిగిలి ఉండాలి. సిలిండర్లో 50 బార్ ఒత్తిడి గాలి ఉంచుకుని పైకి రమ్మని ఇన్‌స్ట్రక్టర్లు గోల పెట్టేదానికి ఇది ఇంకో కారణం. అలాగని ఈల మానేయకండి.

చిన్న అద్దం దాదాపు ఉచితం లాంటిది. పగలని యాక్రిలిక్ ముక్క అయినా చాలు. అద్దాన్ని కంటి పక్కన పెట్టి, రెండో చెయ్యి చాపి, రెండు వేళ్ళ మధ్యలో బోటుని ఉంచి, వెలుగు మచ్చ ఆ వేళ్ళ మీద ఆడేలా తిప్పాలి. సూర్యుడూ బోటూ మీకు ఒకే వైపు ఉంటే చాలా సులువు. సూర్యుడు పూర్తిగా వెనక ఉంటే కష్టం. ఇందాక చెప్పిన పొద్దుటి సంగతి ఇక్కడ మళ్ళీ పనికొస్తుంది: బోటుకి తూర్పున తేలినవాళ్ళు అద్దంతో కుస్తీ పట్టకుండా గొట్టాన్ని ఊపడం మేలు. హెలికాప్టర్ వచ్చిందంటే మాత్రం అద్దం బంగారం.

రాత్రి డైవ్ కాకపోయినా చిన్న టార్చ్ ఉండాల్సిందే. మధ్యాహ్నం తప్పిపోయినవాళ్ళు సాయంత్రానికి దొరకొచ్చు. చీకట్లో టార్చ్‌ని ఎస్‌ఎంబీ అడుగున ఆనించి వెలిగిస్తే గొట్టం మొత్తం ట్యూబ్‌లైట్‌లా వెలుగుతుంది. అది నాకు దూరం నుంచే కనబడుతుంది. మినుకుమినుకుమనే స్ట్రోబ్ ఇంకా మంచిది, కానీ ప్రమాదం లేనప్పుడు సరదాకి వేయకండి.

ఇక ఖరీదైనవి. పీఎల్‌బీ అంటే మనిషి వెంట ఉంచుకునే ఆపద సంకేత పరికరం, 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహానికి కబురు పంపుతుంది. మన దేశంలో ఆ కబుర్లు చేరేది బెంగళూరులో ఇస్రో నడిపే ఇండియన్ మిషన్ కంట్రోల్ సెంటర్‌కి. అక్కడి నుంచి కోస్ట్‌గార్డ్‌కి వెళ్తుంది. మీ పరికరం భారతదేశం కోడ్‌తో ఉండాలి, అక్కడ మీ పేరు, ఇంటివాళ్ళ ఫోన్ నంబరు రిజిస్టర్ అయి ఉండాలి. విదేశంలో ఉన్న బంధువు తెచ్చిచ్చాడని అలాగే జేబులో పెట్టుకుంటే, కబురులో వేరే దేశం కోడ్ ఉంటుంది, మీరెవరో తెలుసుకోవడానికి ఆ దేశాన్ని అడగాల్సి వస్తుంది. మామూలు పీఎల్‌బీ లోతు ఒత్తిడికి తట్టుకోదు. డైవర్ల కోసం చేసిన గట్టి డబ్బాలో పెట్టి దిగాలి, తేలాకే తెరవాలి, యాంటెన్నా నీటి పైన ఉండేలా పట్టుకోవాలి.

ఏఐఎస్ (ఓడలు ఒకదానికొకటి తమ చోటు తెలుపుకునే రేడియో పద్ధతి) రకం పరికరం ఉపగ్రహానికి కాదు, చుట్టుపక్కల ఓడలకి చెప్తుంది. విశాఖ పోర్టుకి వచ్చే పెద్ద ఓడల్లో రిసీవర్ ఉంటుంది. కానీ మిమ్మల్ని ముందుగా చేరగలిగేది మీ డైవ్ బోటే, దాంట్లో రిసీవర్ లేకపోతే ఆ డబ్బు ఓడల్ని నమ్ముకుని పెట్టినట్టే. కొనే ముందు బోటు వాళ్ళని అడగండి. మన చేపల బోట్లకి ఇస్రో తయారుచేసిన డాట్ అని, ఆపదలో ఉపగ్రహం ద్వారా కబురు పంపే వేరే పరికరం ఉంది. 2024 జనవరిలో వచ్చిన రెండో తరంలో కబురు అందిందని తిరిగి సమాధానం కూడా వస్తుంది. అది బోటులో పెట్టేది, డైవర్ జేబులోది కాదు. మీరెక్కే బోటులో ఉందా అని అడగడంలో తప్పు లేదు.

శాటిలైట్ ఫోను, ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు పంపే ఇన్‌రీచ్ లాంటివి మాత్రం టెలికాం శాఖ అనుమతి లేకుండా తేకండి. అవి దొరికి కేసుల్లో ఇరుక్కున్న టూరిస్టులున్నారు, పైగా ఇది నేవీ ఉన్న ఊరు.

మోసుకెళ్ళే పద్ధతికి నా పరీక్ష ఒకటుంది. ఒడ్డున పూర్తి గేర్‌తో నిలబడి, కళ్ళు మూసుకుని, ఎడమ చేత్తో మాత్రమే అన్నీ తీయమంటాను. తర్వాత కుడి చేత్తో. రానిది ఏదైనా ఉంటే దాని చోటు మార్చాలి. ఈల భుజం పట్టీ మీద, నోటికి అందేంత దగ్గరలో. ఎస్‌ఎంబీ, స్పూల్ కలిపి చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి కుడి జేబులో. అద్దం, టార్చ్ ఎడమ జేబులో, రెండింటికీ సన్న తాడు, క్లిప్. క్లిప్ లేకుండా జేబులో వేసిన వస్తువు అవసరమైన రోజున అడుగున ఇసుకలో ఉంటుంది. అన్నీ బయటికి వేలాడదీసుకుని మాత్రం రాకండి, ఇక్కడ తెగిన వల ముక్కలు ఎక్కువ, పట్టేస్తాయి.

చేతి సైగ కూడా సిగ్నలే, దానికి డబ్బు అక్కర్లేదు. తేలగానే రెండు చేతులూ తల మీద గుండ్రంగా కలిపితే "బాగున్నాం" అని. చెయ్యి అటూ ఇటూ ఊపితే "సాయం కావాలి" అని. మొదటిసారి వచ్చినవాళ్ళు సంబరంగా బోటుకి టాటా చెప్తారు, మేం ఇక్కడ లైఫ్ రింగ్ పట్టుకుని పరిగెడతాం. ఫోటోల కోసం టాటాలు బోటెక్కాక చెప్పుకోండి.

తేలాక బోటు దూరంగా ఉంటే జాకెట్ నింపండి, మాస్క్ తీయకండి, జోడీని వదలకండి, ఒరవడికి ఎదురు ఈదకండి. అవసరమైతే మునగడానికి కట్టుకున్న బరువులు వదిలేయండి.

ఇవన్నీ పైన ఎవరో ఒకరు వెతుకుతున్నప్పుడే పనికొస్తాయి. 1998 జనవరిలో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ దగ్గర ఇద్దరు అమెరికన్ డైవర్లని వదిలేసి బోటు ఒడ్డుకి వచ్చేసింది. తల లెక్క సరిగ్గా జరగలేదు. వాళ్ళు లేరన్న సంగతి రెండు రోజుల తర్వాత గానీ తెలియలేదు, వాళ్ళు మళ్ళీ దొరకలేదు. కాబట్టి దిగే ముందు బోటులో ఈ ప్రశ్నలు మొహమాటం లేకుండా అడగండి: పైన ఉండి చూసేది ఎవరు, పేర్లు కాగితం మీద రాసుకున్నారా, మేం ఎన్ని నిమిషాలకి రాకపోతే వెతకడం మొదలుపెడతారు, ఆపద కబుర్లకి వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్ పనిచేస్తోందా. కోస్ట్‌గార్డ్ టోల్‌ఫ్రీ నంబరు 1554 ఒడ్డున ఉండే మీ ఇంటివాళ్ళ ఫోన్‌లో కూడా ఉండాలి, మీరు ఎన్నింటికి తిరిగొస్తారో వాళ్ళకి తెలియాలి.

ఇంటికొచ్చాక అన్నీ మంచినీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టండి. ఎస్‌ఎంబీ వాల్వ్‌లో ఇసుక రేణువు ఇరుక్కుంటే గాలి కారిపోతుంది, కాబట్టి ఊది, రాత్రంతా ఉంచి, పొద్దున్న కూడా బిగువుగా ఉందో లేదో చూడండి. టార్చ్‌లోంచి బ్యాటరీలు తీసి పెట్టండి. పీఎల్‌బీ మీద బ్యాటరీ గడువు తేదీ ఉంటుంది, అది ఫోన్ క్యాలెండర్‌లో వేసుకోండి.