తాడు తెగుతోందా, బ్రేకు పడటం లేదా: హైవే మీద బండి లాగేటప్పుడు వచ్చే సమస్యలు

కావలి, ఒంగోలు మధ్య 16వ నంబరు హైవే మీద ఆగిపోయిన బండ్లను లాగడం నా పని. నేను వెళ్లేసరికి చాలాసార్లు ఎవరో ఒకరు ఆగి తాడు కడుతూ ఉంటారు. సాయం చేసే మనిషికి దెబ్బ తగలకూడదని ఇది రాస్తున్నాను.

తాడు తీసేముందు హజార్డ్ లైట్లు వేయండి. ఎర్ర త్రికోణాన్ని బండికి కనీసం 50 మీటర్లు వెనక పెట్టండి. పిల్లల్నీ పెద్దవాళ్లనీ దించి రోడ్డు పక్క రెయిలింగ్ అవతలకు పంపండి. రాత్రి పూటైతే తాడు జోలికే పోకుండా 1033కి ఫోన్ చేయండి. అది జాతీయ రహదారుల హెల్ప్‌లైన్.

తాడు పదేపదే తెగుతోంది, లేదా హుక్కు ఊడి వస్తోంది

తాడు పాతదైపోయిందని అనుకుంటారు గానీ, ఎక్కువసార్లు తెంచేది కుదుపు. తాడు వదులుగా ఉన్నప్పుడు ముందు బండి ఒక్కసారిగా కదిలితే బరువంతా ఆ క్షణంలోనే దాని మీద పడుతుంది. రొయ్యల చెరువు దగ్గర నుంచి తెచ్చిన ప్లాస్టిక్ తాడుకు నాలుగు ముళ్లు వేస్తే ముడి దగ్గర ఇంకా బలహీనం. లాగడానికే చేసిన బెల్టు వాడండి. మొదటి గేరులో పాకినట్టు కదిలి, తాడు బిగిశాకే వేగం అందుకోండి. వెనక డ్రైవరు తాడు వదులవుతున్నప్పుడల్లా బ్రేకు మీద కాలు ఆనిస్తూ ఉండాలి.

బంపర్‌కు ఎప్పుడూ కట్టకండి. చాలా కార్లలో టూల్‌కిట్‌లో ఒక ఇనుప రింగు ఉంటుంది. బంపర్‌లో చిన్న మూత తీస్తే అది బిగించే చోటు కనిపిస్తుంది. చాలావాటికి మర ఉల్టా ఉంటుంది, ఎడమవైపు తిప్పితేనే బిగుస్తుంది. "పట్టడం లేదన్నా" అని సగంలో వదిలేసిన రింగు లాగేటప్పుడు ఊడి రాయిలా ఎగిరి వస్తుంది. వీల్ స్పానర్ దూర్చి చివరిదాకా బిగించండి.

సింగరాయకొండ దగ్గర ఒకసారి ఇట్టాగే తెగిన తాడు ముందు బండి వెనక అద్దాన్ని పగలగొట్టింది. రెండు నిమిషాల ముందు దాకా ఒక పాప ఆ అద్దం పక్కనే నిలబడి ఉంది. ఆ రోజు నుంచి తాడు మధ్యలో తడిపిన గోనెసంచి వేస్తున్నాను, తెగినా అంత దూరం ఎగరదు. తాడు పొడవుకు రెండింతల దూరంలో మనుషులెవరూ ఉండకూడదు.

వెనక బండికి బ్రేకు పడటం లేదు, స్టీరింగ్ రాయిలా ఉంది

ఇంజిన్ ఆగితే బ్రేకుకు అందే సాయం కూడా ఆగిపోతుంది. రెండు మూడుసార్లు తొక్కాక పెడల్ గట్టిపడుతుంది. బ్రేకు పోయిందని టెన్షన్ పడకుండా కాలిబలమంతా పెట్టి తొక్కండి. స్టీరింగ్ బరువుగా ఉంటే అది మామూలే. అసలు తిరగకపోతే మాత్రం లాక్ పడినట్టు, తాళం ఆన్‌లో పెట్టండి. బ్యాటరీ డెడ్ అయి లాక్ తెరుచుకోకపోతే తాడుతో లాగొద్దు.

చక్రం ఈడ్చుకుపోతోంది, కాలిన వాసన

ముందు హ్యాండ్‌బ్రేకు, గేరు చూడండి. ఆటోమేటిక్ కారైతే న్యూట్రల్‌లో పెట్టినా గేర్‌బాక్సులో ఆయిల్ సరిగ్గా తిరగక లోపల అరిగిపోతుంది. కరెంటు కారులో చక్రం తిరిగితే మోటారూ తిరుగుతుంది. ఈ రెండూ, నాలుగు చక్రాలకూ పవర్ ఉన్న బండీ ఫ్లాట్‌బెడ్ (బండిని మొత్తంగా ఎక్కించుకునే లారీ) మీదే ఎక్కాలి.

నీళ్లలో ఆగిన బండి స్టార్ట్ కావడం లేదు

2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయిన వరద మనకు గుర్తే. అట్టాంటి నీళ్లలో ఆగితే సెల్ఫ్ కొట్టకండి. ఇంజిన్‌లోకి చేరిన నీరు గాలిలా అణగదు, లోపలి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. లాగుతూ గేరు వేసి స్టార్ట్ చేయబోయినా అంతే. న్యూట్రల్‌లోనే లాగించి మెకానిక్‌కు అప్పగించండి.

మైపాడు, కొత్తపట్నం బీచ్ ఇసుకలో చక్రం తిరుగుతూ దిగిపోతోంది

యాక్సిలరేటర్ వదిలేయండి. చక్రాల ముందు ఇసుక తవ్వి, టైర్లలో గాలి కొంత తగ్గించి, అప్పుడు నిదానంగా లాగండి. రోడ్డెక్కగానే గాలి నింపాలి.

వెనక లారీలు మీదికొస్తున్నాయి

రెండు బండ్లను చూసి విడివిడిగా పోతున్నాయనుకుంటారు. మధ్య దూరం 5 మీటర్లు, వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటకూడదని నిబంధన. తాడుకు ఎర్ర గుడ్డ, వెనక బండికి 'ఆన్ టో' అని తెల్ల బోర్డు కట్టండి. సర్వీసు రోడ్డు దొరగ్గానే దిగిపోండి. ఒక హారన్ అంటే ఆగు, రెండంటే నిదానించు అని కదలకముందే ఇద్దరు డ్రైవర్లూ మాట్లాడుకోండి.