వకీలుపై బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు: రాసే ముందు, రాసేటప్పుడు

ముందు కేసును కాపాడుకోండి. వకీలు వాయిదాకు వెళ్లక ఎక్స్‌పార్టీ డిక్రీ (మీ పక్షం లేకుండానే ఇచ్చిన తీర్పు) పడినా, దావా డిఫాల్ట్ కింద (హాజరు కాలేదని) కొట్టేసినా, రద్దు కోరడానికి మామూలుగా ఉండే గడువు 30 రోజులే. ఫిర్యాదు పెట్టామన్న ధీమాతో ఆ గడువు దాటబెట్టుకోవద్దు. వకీళ్ల నమోదు, క్రమశిక్షణ చూసే బార్ కౌన్సిల్ మీ కేసును తిరగదోడదు, నష్టపరిహారమూ ఇప్పించదు. ఆ మనిషి వకీలుగా ఉండతగినవాడా కాదా అన్నదే అక్కడ తేలేది.

కొత్త వకీలును పెట్టుకోవాలంటే పాత కట్ట (కేసు కాగితాలు) కావాలి. ఫీజు బాకీ ఉందని కట్ట ఆపుకునే హక్కు వకీలుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. లిఖితపూర్వకంగా అడిగి, అడిగినట్టు రుజువు దగ్గర పెట్టుకోండి. ఇవ్వకపోతే అదే ఫిర్యాదులో ఒక అంశం అవుతుంది.

ఓడిపోవడం, వాదన తేలిపోవడం దుష్ప్రవర్తన కాదు. కోర్టు ఫీజుకని డబ్బు తీసుకుని దావా వేయకపోవడం, క్లయింటుకు వచ్చిన సొమ్ము వాడేసుకోవడం, ఎదుటి పక్షం తరఫున నిలబడటం, గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోవడం లాంటివైతే 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద నిలుస్తాయి.

ఫిర్యాదు ఎక్కడ పెట్టాలన్నది వకీలు ఏ కోర్టులో వాదిస్తున్నాడన్నదాన్ని బట్టి ఉండదు, పేరు ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్ రోల్‌లో (వకీళ్ల జాబితాలో) ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎన్‌రోల్‌మెంట్ (నమోదు) నంబరు కోసం వకాలత్ (వకీలును పెట్టుకుంటూ మీరు సంతకం చేసిన కాగితం) చూడండి. విభజనకు ముందు ఎన్‌రోల్ అయినవాళ్ల విషయంలో నంబరు చూసి ఊహించవద్దు. ఆంధ్ర, తెలంగాణ కౌన్సిళ్లలో ఎవరి రోల్‌లో ఉన్నారో అడిగి తెలుసుకోండి.

ఫిర్యాదు ఉత్తరంలా కాదు, పిటిషన్‌లా ఉండాలి. తెలుగులో రాయవచ్చు. పేరాలకు నంబర్లు వేసి, ఒక్కో పేరాలో ఒక్క సంగతే తేదీతో చెప్పండి: ఫలానా రోజు ఇంత ఇచ్చాను, ఎలా ఇచ్చాను, రుజువు ఇది. చివర వెరిఫికేషన్‌లో (రాసింది నిజమన్న ధృవీకరణలో) ఏ పేరాలు స్వయంగా తెలిసినవో, ఏవి విని నమ్మినవో విడిగా చెప్పి, ఊరు, తేదీ వేసి సంతకం చేయాలి. నిర్ణీత ఫీజు కూడా కట్టాలి. చేతికిచ్చిన నగదుకు రసీదు లేకపోవడం దగ్గరే చాలా ఫిర్యాదులు బలహీనపడతాయి. ఫోన్‌లో మెసేజులు, బ్యాంకు స్టేట్‌మెంట్, కోర్టు ఉత్తర్వుల సర్టిఫైడ్ కాపీలు జత చేయండి. తిట్లు వద్దు.

ప్రాథమికంగా నమ్మదగ్గదనిపిస్తే కౌన్సిల్ దాన్ని ముగ్గురు సభ్యుల క్రమశిక్షణ కమిటీకి పంపుతుంది. అక్కడ ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పాలి, క్రాస్‌కు (ఎదుటి పక్షం అడిగే ప్రశ్నలకు) నిలబడాలి. శిక్ష మందలింపు కావచ్చు, కొంతకాలం సస్పెన్షన్ కావచ్చు, రోల్ నుంచి పేరు తీసేయడమూ కావచ్చు. మధ్యలో రాజీపడి ఉపసంహరించుకున్నా, ఆ ఒక్క కారణంతో విచారణ ఆగదు.

ఫిర్యాదు అందిన ఏడాదిలో తేలకపోతే అడ్వొకేట్స్ చట్టం 36బి సెక్షన్ ప్రకారం అది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు బదిలీ అవుతుంది. కాబట్టి అందిన తేదీ రుజువు జాగ్రత్త. రాష్ట్ర కమిటీ ఉత్తర్వు నచ్చకపోతే, అది మీకు అందిన 60 రోజుల్లో అప్పీలు కూడా అక్కడికే. ఆపైన సుప్రీంకోర్టుకు మరో 60 రోజులు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి లాభం లేదు. వకీళ్ల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందకు రావని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పింది. డబ్బు రాబట్టాలంటే సివిల్ దావాయే దారి.