పడిపోయిన డ్రోన్‌ని మళ్లీ ఎగరేసే ముందు

గాలులు ఎక్కువయ్యే రోజుల్లో చిన్న డ్రోన్లు ఉన్నట్టుండి కిందకి దిగిపోవడం మామూలే. అప్పుడు చూసుకోవాల్సినవి ఇవి:

– బ్యాటరీని వెంటనే ఛార్జింగ్‌కి పెట్టొద్దు. లిథియం సెల్ లోపల నలిగితే పైకి ఏమీ కనిపించకపోవచ్చు, కాసేపయ్యాక అంటుకోవచ్చు. పొగ వస్తున్నా, బాగా వేడిగా ఉన్నా దగ్గరికి వెళ్లకండి. అవేమీ లేకపోతే బ్యాటరీని బయటకు తీసి, మండే వస్తువులకు దూరంగా ఆరుబయట పెట్టి గమనించండి. కాస్త ఉబ్బినా, తియ్యటి ఘాటు వాసన వచ్చినా దాని పని అయిపోయినట్టే. రేటు గుర్తొచ్చి మనసు మార్చుకోకండి.

– డ్రోన్ దొరికేదాకా యాప్ మూసేయొద్దు. చివరి సిగ్నల్ వచ్చిన చోటు మ్యాప్‌లో ఉంటుంది, ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

– చేత్తో పట్టుకునే ముందు మోటార్లు ఆపండి. వేళ్లు తెగుతాయి, గడ్డిలో చిక్కుకున్న మోటారైతే కాలిపోతుంది.

– నీళ్లలో పడిందా? ఆన్ చేసి చూడాలనే ఆత్రం వద్దు. బోర్డు షార్ట్ అయ్యేది అప్పుడే.

– ప్రొపెల్లర్ల అంచు గోరుతో తడమండి. కంటికి కనపడని పగులు గోరుకి తగులుతుంది. అనుమానముంటే మార్చేయండి, పైన విరిగితే ఈసారి ఏమీ మిగలదు.

– ఒక్కో మోటారునీ వేలితో తిప్పండి. ఇసుక చేరితే కరకరమంటుంది.

– ఫ్లైట్ లాగ్ (ఎగిరినప్పటి వివరాల రికార్డు) చూడండి. చలికి వోల్టేజ్ పడిపోయిందా, సిగ్నల్ పోయిందా అన్నది అక్కడే తెలుస్తుంది. కారణం తెలియకపోతే మళ్లీ పడుతుంది.

– కంపాస్ కాలిబ్రేషన్ (డ్రోన్ దిక్సూచిని సరిచేయడం) ఇనుప వస్తువులకు దూరంగా చేసి, మొదట మీటరు, రెండు మీటర్ల ఎత్తులోనే నిలిపి చూడండి.