చివరి సెమిస్టర్ వ్యాసం: పొందూరు బస్సెక్కండి

ఫైనలియర్ పిల్లలకు ఏటా ముందు చెప్పేది ఒకటే: అంశం చిన్నది తీసుకోండి. ‘శ్రీకాకుళం చేనేత’ అంటే పుస్తకాల్లోంచి ఎత్తి రాయడమే అవుతుంది. ‘పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఎందుకు దువ్వుతారు?’ అని అడిగితే ఊరికి వెళ్లక తప్పదు. వడికే అమ్మల పక్కన కూర్చోండి. ఆ సన్నటి పళ్లు నలుసును ఎలా తీస్తాయో కళ్లారా చూడండి, ఎంత ఓపిక కావాలో! వాళ్ల మాట వాళ్ల యాసలోనే రాసుకోండి. పేరు వేయొచ్చా అని అడగండి.

చదివిన పుస్తకం, పేజీ నంబరు ఆ రాత్రే రాయాలి. ఎంఏలో బద్ధకించి, ఒక్క పేజీ కోసం మూడు రోజులు లైబ్రరీలో వెతికాను. వ్యాసం మొదట్లో వచ్చే పరిచయాన్ని, మిగతాదంతా రాశాక ఆఖర్న రాయండి.

ప్రింటు తీయించడానికి నెట్ సెంటర్‌కు పీడీఎఫ్ పట్టుకెళ్లండి, లేకపోతే ఒత్తులు చెదిరిపోతాయి. గడువుకు రెండు రోజుల ముందే ఇచ్చి, మీ కాపీ మీద సంతకం తీసుకోండి.