కాలేజీ లైబ్రరీకి సాఫ్ట్‌వేర్ ఎంచుకునేదెలా? డెమో చూసే ముందు బీరువా తెరవండి

"సార్, కాకతీయుల చెరువుల మీద బుక్కేమన్న ఉన్నదా?"

అడిగింది డిగ్రీ ఫస్టియర్ అమ్మాయి. హనుమకొండలో మా కాలేజీ లైబ్రరీ కౌంటర్ దగ్గర, లంచ్ బెల్ కొట్టిన ఐదు నిమిషాలకు. కంప్యూటర్‌లో 'కాకతీయ' అని కొట్టాను. ఏమీ రాలేదు. స్పెల్లింగ్ సరిచూసి మళ్లీ కొట్టాను. సున్నా. నా వెనక అద్దాల బీరువాలో మూడో అరలో కాకతీయుల మీద ఆరు పుస్తకాలు కనిపిస్తూనే ఉన్నాయి. లేచి తీసిచ్చాను. ఆ అమ్మాయి పుస్తకం వైపు, కంప్యూటర్ వైపు మార్చి మార్చి చూసింది.

సంగతేమిటంటే, మాకు ఆ లైబ్రరీ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు తెలుగు పేర్లన్నీ పాత డీటీపీ (అచ్చు పనికి వాడే) ఫాంట్‌లో ఎక్కించి పోయారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో చూస్తే అచ్చ తెలుగే. లోపల మాత్రం అవి ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు. ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చి గీతలు. అడుగుదామంటే వాళ్ల ఫోన్ స్విచాఫ్. దాదాపు నాలుగు వేల తెలుగు పుస్తకాలను మళ్లీ మొదటి నుంచి ఎక్కించుకున్నాం. కొనే ముందు ఒక్క పూట మా పుస్తకాలతో పరీక్ష పెట్టి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. ఆ ఒక్క పూట పని ఎలా చేయాలో చెప్పడానికే ఇదంతా.

మొదటి అడుగు: మన దగ్గర ఏముందో రాసుకోండి

సాఫ్ట్‌వేర్ల జాబితా పక్కన పెట్టి యాక్సెషన్ రిజిస్టర్ (వచ్చిన ప్రతి పుస్తకానికీ నంబర్ వేసి రాసుకునేది) తీయండి. మొత్తం ఎన్ని పుస్తకాలు, అందులో తెలుగు, హిందీ, ఉర్దూ, ఇంగ్లిష్ ఎన్నెన్ని? మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో పాత కాలేజీల బీరువాలు తెరిస్తే ఉర్దూ పుస్తకాలు తప్పకుండా నాలుగైనా కనిపిస్తాయి. నిజాం కాలంలో చదువులు ఉర్దూలో సాగిన ప్రాంతం కదా. ఎవరో లెక్చరర్ రిటైరైనప్పుడు ఇచ్చిన పుస్తకాల కట్టలు కూడా ఉంటాయి. వాటిలో చాలావాటికి ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద అచ్చువేసే గుర్తింపు సంఖ్య) ఉండదు. అలాంటివి ఎన్ని ఉన్నాయో కూడా రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక్కడే ఇంకో చిక్కు బయటపడుతుంది. చాలా కాలేజీల్లో జనరల్ పుస్తకాలకు ఒక రిజిస్టర్, బుక్ బ్యాంక్‌కు (పిల్లలకు ఎక్కువ రోజులకు ఇచ్చే టెక్స్ట్‌బుక్‌లకు) ఇంకొకటి, డొనేషన్‌కు మరొకటి ఉంటాయి. మూడూ ఒకటో నంబర్‌తోనే మొదలవుతాయి. అంటే 245 నంబర్ పుస్తకాలు మూడున్నాయన్నమాట. సాఫ్ట్‌వేర్ దీన్ని ఒప్పుకోదు. ఒక్కో ప్రతికి ఇంకే ప్రతికీ లేని బార్‌కోడ్ నంబర్ ఉండాలి. నంబర్ ముందు జనరల్‌కు ఒక అక్షరం, బుక్ బ్యాంక్‌కు ఒక అక్షరం తగిలిస్తే సరిపోతుంది. కానీ అది ముందే తేల్చుకోవాలి, మూడు వేల బార్‌కోడ్‌లు అంటించాక కాదు.

రోజుకు ఎన్ని ఇష్యూలు, ఏ వేళలో రద్దీ, ఎన్ని కంప్యూటర్లు, కరెంటు పోతే యూపీఎస్ ఎంతసేపు ఆగుతుంది, కౌంటర్‌లో కూర్చునేది ఎవరు అన్నవీ ఒక పేజీ మీద పెట్టండి. చివరిదే ముఖ్యం. లైబ్రేరియన్ ఒక్కరే ఉండి, అటెండర్ సాయంతో నడిచే చోట పది మెనూలున్న సాఫ్ట్‌వేర్ కన్నా రెండు బటన్లతో ఇష్యూ అయ్యేదే మేలు.

రెండో అడుగు: పోటీలో ఎవరెవరున్నారో చూడండి

కోహా. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతీయ లైబ్రరీ సంస్థ కోసం 1999లో తయారై, 2000 జనవరిలో వాడకంలోకి వచ్చింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. పేరుకు తగ్గట్టే కోడ్ ఉచితం. ఎవరైనా తీసుకుని వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. బ్రౌజర్‌లో నడుస్తుంది. సర్వర్‌కు (డేటా అంతా ఉండే ప్రధాన కంప్యూటర్‌కు) మాత్రం విండోస్ కాకుండా లైనక్స్ కావాలి. 'ఫ్రీ' అన్న మాట విని ప్రిన్సిపాల్ సంతోషపడతారు గానీ, సర్వర్ కంప్యూటర్, దాన్ని పెట్టి ఇచ్చే మనిషి, ఏడాదికోసారి అప్‌డేట్ చేసే మనిషి ఫ్రీ కాదు. మీ కంప్యూటర్ సైన్స్ విభాగంలో లైనక్స్ తెలిసినవాళ్లు ఒకరుండి, వాళ్లకు లైబ్రరీ మీద కాస్త ఇష్టం ఉంటే కోహా దర్జాగా నడుస్తుంది. ఆ మనిషి ట్రాన్స్‌ఫర్ అయితే? అందుకే ఇద్దరికి నేర్పించండి.

సోల్. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ సంస్థ తయారుచేసింది. ఎన్-లిస్ట్ అనే పథకం ద్వారా కాలేజీలకు ఈ-పుస్తకాలు ఇచ్చేదీ ఆ సంస్థే. డబ్బు కట్టి కొనుక్కోవాలి. సోల్ 2.0 నుంచి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగులాగే ఉండే పద్ధతి), మార్క్ 21 (పుస్తకం వివరాలను నంబర్లున్న గడుల్లో రాసే, లైబ్రరీలన్నిటి ఉమ్మడి పద్ధతి) రెండూ ఉన్నాయి. విండోస్ అలవాటున్నవాళ్లకు 2.0 చేతికి తొందరగా వచ్చేది. ఇప్పుడు 3.0 ఉంది కాబట్టి ఎవరైనా పాత వెర్షన్ డెమో చూపిస్తే కొత్తది చూపించమనండి.

ఈ-గ్రంథాలయ. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పనులు చూసే ఎన్‌ఐసీ వారిది, ముఖ్యంగా ప్రభుత్వ లైబ్రరీల కోసం. 4.0 నుంచి ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది కాబట్టి కాలేజీలో సర్వర్ బాధ లేదు. ఆ మేరకు ఇంటర్నెట్ నమ్మకంగా ఉండాలి. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అయితే ముందు దీన్నే విచారించండి.

న్యూజెన్‌లిబ్ హైదరాబాద్‌లో పుట్టింది, 2008లో ఓపెన్ సోర్స్ అయింది. ఇవి కాక లిబ్‌సిస్ లాంటి ప్రైవేటువీ ఉన్నాయి. దేన్ని తీసుకున్నా ఈ రోజు ఫోన్ చేస్తే ఎత్తేదెవరు అన్నది అడగండి. మేం నేర్చుకున్న పాఠం అదే.

ఇక ఆఫీసు నుంచి తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది: "ఫీజులకు, అటెండెన్స్‌కు తీసుకున్న ఈఆర్‌పీలో లైబ్రరీ మాడ్యూల్ ఉన్నది కదా, మళ్లీ వేరేది ఎందుకు?" నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ మాడ్యూళ్లు ఇష్యూ, రిటర్న్, ఫైన్ లెక్కలు బాగానే చేస్తాయి. పుస్తకాన్ని మాత్రం స్టోర్‌రూంలో కుర్చీలా చూస్తాయి. ఎకనామిక్స్ టెక్స్ట్‌బుక్ నలభై ప్రతులుంటే ఒక రికార్డు కింద నలభై ప్రతులు చూపాలి. వీటిలో చాలావాటిలో అదే పేరు నలభై సార్లు వరుసగా కనిపిస్తుంది. పిల్లలకు వెతుక్కునే పేజీ అంటూ ఉండదు. మార్క్ 21 గురించి అడిగితే తెల్లమొహం వేస్తారు. ఉన్నదని వాడటంలో తప్పు లేదు, అదే లైబ్రరీ ఆటోమేషన్ అనుకోవడమే తప్పు.

కాలేజీలకు గుర్తింపు ఇచ్చే న్యాక్‌కు పంపే నివేదికల్లో సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, ఆటోమేషన్ పూర్తిగానా పాక్షికంగానా, ఏ సంవత్సరం నుంచి అని అడుగుతూ వచ్చారు. చాలా కాలేజీలు కొనేది ఆ గడి నింపడానికే. గడి ఎలాగూ నిండుతుంది, కౌంటర్ సంగతి చూడండి.

మూడో అడుగు: యాభై పుస్తకాల పరీక్ష

డెమోకు వచ్చినవాళ్లు వాళ్ల పుస్తకాలే చూపిస్తారు. అన్నీ ఇంగ్లిష్, అన్నిటికీ ఐఎస్‌బీఎన్. స్కానర్ పెట్టగానే వివరాలన్నీ టకటకా వచ్చి పడతాయి. చూడముచ్చటగా ఉంటుంది. చూసి, తర్వాత మీ టేబుల్ మీద మీ యాభై పుస్తకాలు పెట్టండి.

అందులో ఇరవై తెలుగువి ఉండాలి. ఐదు పాతవి, ఐఎస్‌బీఎన్ లేనివి, అట్ట చిరిగి టైటిల్ పేజీ మాత్రమే మిగిలినవి. రెండు ఉర్దూవి, రెండు సంపుటాలుగా ఉన్నది ఒకటి, ముగ్గురు రచయితలది ఒకటి. ఒక బౌండ్ పత్రిక. సీడీతో వచ్చిన ఇంజినీరింగ్ పుస్తకం ఒకటి. బుక్ బ్యాంక్‌వి ఒకే పుస్తకం ఐదు ప్రతులు. ఇవన్నీ అక్కడికక్కడే మీరే ఎక్కించి చూడండి. అమ్మేవాళ్ల చేతివేగం చూసి వేగాన్ని అంచనా కట్టొద్దు.

ఎక్కించాక వెతకండి. తెలుగుకు ఇక్కడ మూడు గండాలున్నాయి.

మొదటిది, ఒకే మాటకు రెండు రాతలు. 'స్వాతంత్ర్యం' అని ఒకరు, 'స్వాతంత్య్రం' అని ఇంకొకరు కొడతారు. చదివేవారికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేరు. 'తెలంగాణ', 'తెలంగాణా' కూడా అంతే. వరంగల్, వరంగల్లు, ఓరుగల్లు సరేసరి. వీటన్నిటినీ ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను కలపదు. రచయితల పేర్లు, విషయ శీర్షికలు ఒకే రూపంలో ఉంచే అథారిటీ ఫైల్ సౌకర్యం ఉందో లేదో అడగండి.

రెండోది, కనబడని గుర్తు. 'సాఫ్ట్‌వేర్' అనే మాటలో 'ట్' తర్వాత 'వే' కిందికి దిగి వత్తు కాకుండా ఆపడానికి ఒక కనిపించని అక్షరం ఉంటుంది. కొన్ని కీబోర్డులు అది పెడతాయి, కొన్ని పెట్టవు. అలాంటి మాట ఉన్న పుస్తకం ఒకటి ఎక్కించి, ఫోన్‌లో టైప్ చేసి ఒకసారి, ఆఫీసు కంప్యూటర్‌లో టైప్ చేసి ఒకసారి వెతికి చూడండి. కోహా పెట్టేవాళ్లకు ఇక్కడే ఒక సలహా: అందులో వెతుకులాట చూసే జీబ్రా అనే భాగం మామూలు సెట్టింగ్‌తో మన లిపులను సరిగా పట్టుకోదు. దాన్ని ఐసీయూ (యూనికోడ్ లిపులను గుర్తించే) పద్ధతికి మార్చి మళ్లీ ఇండెక్స్ (వెతికే జాబితా తయారు) చేయించాలి. ఇది తెలియక "కోహాలో తెలుగు రాదు" అని వదిలేసినవాళ్లను చూశాను.

మూడోది, దిగుమతి చేసుకున్న రికార్డులు. జెడ్ 39.50 అనే పద్ధతిలో ఇతర లైబ్రరీల నుంచి రికార్డులు తెచ్చుకోవచ్చు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో తెలుగు పుస్తకాలు బోలెడన్ని ఉన్నాయి. కానీ అక్కడ పేర్లు రోమన్ అక్షరాల్లో, పైన గీతలు కింద చుక్కలతో ఉంటాయి. అది అలాగే దించుకుంటే మన పిల్లలు తెలుగులో కొట్టినప్పుడు దొరకదు. మేం చేసేదేమంటే, మార్క్ 21లో 245 అనే టైటిల్ గడిలో తెలుగు పేరు పెట్టి, 246 గడిలో అదే పేరును గీతలు చుక్కలు లేకుండా మామూలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తాం. ఎందుకంటే సగం మంది పిల్లలు తెలుగు పుస్తకాన్ని కూడా వాట్సాప్‌లో రాసినట్టు ఇంగ్లిష్ అక్షరాల్లోనే వెతుకుతారు. ఈ ఒక్క మార్పుతో కౌంటర్ దగ్గర అడిగేవాళ్లు తగ్గారు.

పరీక్షలో చివరగా అటెండర్‌ను కూర్చోబెట్టి పది ఇష్యూలు, పది రిటర్న్‌లు చేయించండి. ఆయన "బాగానే ఉన్నది సార్" అంటే నమ్మొద్దు, గడియారం చూడండి.

నాలుగో అడుగు: బయటికి వచ్చే దారి

ఎక్కించిన యాభై రికార్డులనూ అదే రోజు బయటికి తీయమనండి. పుస్తకాలు మార్క్ 21లో, ప్రతుల వివరాలతో సహా. సభ్యుల జాబితా, ఇష్యూ వివరాలు సీఎస్‌వీ (ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా పట్టిక) ఫైల్‌లో. ఆ ఫైల్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి తెలుగు తెలుగులాగే ఉందా చూడండి. ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే కొన్నిసార్లు అక్షరాలు చెడినట్టు కనిపిస్తాయి. కంగారుపడకుండా యూటీఎఫ్-8 (యూనికోడ్ రాసే పద్ధతి) అని ఎంచుకుని తెరవండి. అప్పటికీ రాకపోతే కంగారుపడండి.

"ఎక్స్‌పోర్ట్ మేం చేసిస్తాం, మీకెందుకు టెన్షన్" అన్నవాళ్లను నేనైతే అక్కడితో ఆపేస్తాను. ఆ బటన్ మన చేతిలో ఉండాలి.

ఐదో అడుగు: కొటేషన్

పర్చేజ్ కమిటీలో తక్కువ ధర ఉన్నదే నెగ్గుతుంది, దాన్ని మనం మార్చలేం. అందుకే యాభై పుస్తకాల పరీక్షను, యూనికోడ్‌ను, ఎక్స్‌పోర్ట్‌ను కొటేషన్ పిలిచే కాగితంలోనే షరతులుగా రాయండి. ధర పక్కన మొదటి ఏడాది తర్వాత ఏఎంసీ (ఏటా కట్టే నిర్వహణ ఖర్చు) ఎంత, ట్రైనింగ్ ఎన్ని రోజులు, డేటా ఎంట్రీ ఒక్కో పుస్తకానికి ఎంత అన్నవి విడిగా అడగండి. బార్‌కోడ్ స్కానర్, లేబుల్ ప్రింటర్, రిబ్బన్లు, యూపీఎస్ బ్యాటరీలు మన లెక్కలోకే వస్తాయి. ఆర్‌ఎఫ్‌ఐడీ గేట్లు (పుస్తకంలోని చిప్‌ను పసిగట్టేవి) ఇప్పుడే వద్దు. పదిహేను వేల లోపు పుస్తకాలు, ఒకే తలుపు ఉన్న లైబ్రరీకి బార్‌కోడ్ చాలు.

ఆరో అడుగు: మారడం

పదకొండు వేల పుస్తకాలనుకోండి. ఇద్దరు కూర్చుని రోజుకు చెరో యాభై ఎక్కిస్తే 110 పనిదినాలు. అంటే వేసవి సెలవుల్లో అయిపోదు. కాబట్టి ముందు పిల్లలు ఎక్కువగా తీసుకునే టెక్స్ట్‌బుక్‌లు, బుక్ బ్యాంక్ ఎక్కించి జూన్‌లో కౌంటర్ మొదలుపెట్టండి. మిగతావాటిలో ఏ పుస్తకం ఇష్యూకు వస్తే దాన్ని అప్పటికప్పుడు ఎక్కించి ఇవ్వండి. కదలని పుస్తకాలు చివరికి. పిల్లల వివరాలు చేత్తో కొట్టొద్దు. ఆఫీసులో అడ్మిషన్ల ఎక్సెల్ ఉంటుంది, హాల్ టికెట్ నంబర్‌నే మెంబర్ నంబర్‌గా పెట్టి దించుకోండి. నో డ్యూస్ (బాకీ ఏమీ లేదనే) సర్టిఫికెట్ల సమయంలో ఆఫీసు, మీరు ఒకే నంబర్ మాట్లాడుకుంటారు.

బ్యాకప్ రోజూ తీయాలని అందరికీ తెలుసు. తీసిన బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తిరిగి నిలబెట్టి చూసేవాళ్లు తక్కువ. మూడు నెలలకోసారి చూడండి. పెన్‌డ్రైవ్‌ను సర్వర్ ఉన్న టేబుల్ సొరుగులోనే పెడితే అది బ్యాకప్ కాదు.

కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసిన రోజు కోసం కౌంటర్‌లో ఒక రూళ్ల నోట్‌బుక్ ఉంచండి. పుస్తకం నంబర్, హాల్ టికెట్ నంబర్, ఇష్యూనా రిటర్నా, టైమ్. సాయంత్రం కరెంటు రాగానే అదే వరుసలో ఎక్కించాలి, వరుస తప్పితే రిటర్న్ చేసిన పుస్తకం మళ్లీ పిల్లాడి పేరు మీదే ఉండిపోతుంది. మా నోట్‌బుక్‌లో జూన్ నుంచి ఇప్పటికి నాలుగు పేజీలు నిండాయి.